బతికుండగానే వీరగల్లు

అమరాపురం మండలంలో హేమావతి అనే ఊరుంది. వెయ్యేళ్ళ కిందట దాని పేరు హెంజేరు, నొళంబ పల్లవుల రాజధాని. ఇప్పుడు అక్కడ సిద్ధేశ్వరుడి గుడి, నల్లరాతి నందులు, కొన్ని శాసనాలు మిగిలాయి. ఈ సీమలోనూ, హద్దు దాటితే వచ్చే కన్నడ నేలలోనూ ఆనాటి వీరగల్లులు పొలం గట్ల మీద, గుడి గోడల పక్కన ఇంకా నిలబడి ఉన్నాయి. వాటి అమరిక దాదాపు ఒక్కటే. కింది అరలో యుద్ధం. దాని పైన, చనిపోయిన వీరుణ్ణి అప్సరసలు చెరో పక్కా పట్టుకుని పైకి తీసుకుపోతుంటారు. అన్నిటికన్నా పైన అతను శివలింగం ముందు చేతులు జోడించుకుని కూర్చుని ఉంటాడు. రాజు కోసం పడినవాడికీ, ఊరి ఆవులమందను కాపాడబోయి పడినవాడికీ రాయి ఉంది. గాయంతో ఇల్లు చేరి, ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు రాత్రుళ్ళు నిద్రపట్టక వసారాలో కూర్చున్నవాడికి మాత్రం లేదు. మూడు అరల్లో ఎక్కడా అతనికి చోటు దొరకలేదు.

ఒక సైనికుడికి బతికుండగానే రాయి నిలబెట్టారు. రాయి కూడా కాదు, కంచు. 1954 నవంబర్ 10న, వాషింగ్టన్ పక్కనున్న ఆర్లింగ్టన్‌లో అమెరికా మెరైన్ దళం స్మారకాన్ని ఆవిష్కరించారు. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ వచ్చాడు. ఆరుగురు సైనికులు ఒక జెండా కర్రను నేలలో నాటుతున్న విగ్రహం అది. ఒక్కో మనిషి 32 అడుగుల ఎత్తు. అందరికన్నా వెనక, కర్రకు అందీ అందని చేతులు చాచి ఉన్నవాడు ఐరా హేస్. ఆ రోజు ఐరా ఆ సభలోనే ఉన్నాడు, తన విగ్రహాన్ని తల ఎత్తి చూశాడు. ఈ ఆర్భాటం ఎలా ఉందని ఓ విలేఖరి అడిగితే, నచ్చలేదని ఒక్క ముక్కలో చెప్పాడు. రెండున్నర నెలలకే చలిలో, మత్తులో, పాడుబడిన మట్టి గుడిసె పక్కన శవమై దొరికాడు. అప్పటికి అతనికి 32 ఏళ్ళు.

ఆ కథను ఇక్కడి నుంచి చెప్పడానికి నాకు కారణముంది. ఐరా పుట్టిన నేల మన నేలే అనిపిస్తుంది. అరిజోనా ఎడారిలో గీలా నది ఒడ్డున, సకటోన్ అనే చోట, 1923 జనవరి 12న పుట్టాడు. వాళ్ళది పిమా తెగ. వందల ఏళ్ళు ఆ నదికి కాలువలు తవ్వి మొక్కజొన్న, చిక్కుడు, పత్తి పండించిన రైతులు. 1849లో బంగారం కోసం కాలిఫోర్నియాకు పరిగెత్తిన తెల్లవాళ్ళకు దారిలో గోధుమలు అమ్మి ఆకలి తీర్చింది వీళ్ళే. ఆ తర్వాత అదే తెల్లవాళ్ళు ఎగువన స్థిరపడి నదిని తమ పొలాలకు మళ్ళించుకున్నారు. కింద పిమాల కాలువలు ఎండిపోయాయి, కరువులొచ్చాయి. కూలిడ్జ్ ఆనకట్ట 1930లో వచ్చినా పాత పంట తిరిగి రాలేదు. ఏటా 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ కురిసే వానతో, ఎన్ని అడుగులు దించినా తడి తగలని బోర్లతో బతికే అనంతపురం సీమవాళ్ళకు ఈ ఒక్క పేరా చాలు, మిగతాది విడమర్చి చెప్పక్కర్లేదు. నీళ్ళు లేని ఊళ్ళో చదువుకున్న కుర్రాడికి పట్నంలో కూలీ ఒక దారి, పట్టాళం ఒక దారి. ఐరా పట్టాళం ఎంచుకున్నాడు. వాళ్ళ నాన్న కూడా మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసి వచ్చినవాడే.

1942 ఆగస్టులో చేరాడు. ఎవరైనా పలకరిస్తే తప్ప నోరు విప్పని పిల్లాడు, పారాచూట్ కట్టుకుని విమానంలోంచి దూకడం నేర్చుకున్నాడు. బోగన్‌విల్లో పోరాడాడు. 1945 ఫిబ్రవరి 19న ఐవో జిమా దీవిలో దిగాడు. మొత్తం 21 చదరపు కిలోమీటర్ల నేల, మన మండలమంత కూడా ఉండదేమో. అక్కడ ముప్ఫై ఆరు రోజుల్లో దాదాపు 6,800 మంది అమెరికన్లు చనిపోయారు, జపాన్ వైపు అంతకు రెండున్నర రెట్లకు పైనే. దిగిన నాలుగు రోజులకు, ఫిబ్రవరి 23న, సురిబాచి కొండ మీద పొద్దున ఎగరేసిన చిన్న జెండా తీసి పెద్దది కట్టమన్నారు. ఆరుగురు కలిసి కర్ర ఎత్తారు. క్షణాల్లో అయిపోయిన పని. అసోసియేటెడ్ ప్రెస్ ఫోటోగ్రాఫర్ జో రోజెంథాల్ అప్పుడే షట్టర్ నొక్కాడు.

ఆ ఫోటో అమెరికా పత్రికలన్నిటి మొదటి పేజీకి ఎక్కుతుంటే, దానిలోని వాళ్ళు ఇంకా ఆ దీవి మీదే చనిపోతున్నారు. మైక్ స్ట్రాంక్ పోయాడు. హార్లన్ బ్లాక్ పోయాడు. ఫ్రాంక్లిన్ సౌస్లీ పోయాడు. ఐరా తర్వాత చెప్పిన లెక్క ప్రకారం, అతని కంపెనీలో 250 మంది ఉంటే చావో గాయమో తగలకుండా బయటపడింది 27 మంది. ఆ లెక్కను అతను చివరిదాకా మోశాడు. ఫోటోలోని వాళ్ళ పేర్లు చెప్పమని పైవాళ్ళు అడిగినప్పుడు, తన పేరు బయటపెట్టొద్దని తోటి సైనికుడు రెనే గాగ్నన్‌ను బెదిరించాడు కూడా. దాచలేకపోయాడు. యుద్ధం నుంచి వెనక్కి పిలిపించి దేశమంతా పర్యటనకు తీసుకెళ్ళారు.

ఆ పర్యటన ఉద్దేశం డబ్బు. యుద్ధ బాండ్లు అమ్మాలి. లక్ష్యం 1,400 కోట్ల డాలర్లు. వచ్చింది 2,600 కోట్లకు పైనే. ఊరూరా బ్యాండు మేళాలు, మేయర్ల విందులు. కాగితపు గుజ్జుతో చేసిన సురిబాచి కొండ ఎక్కి స్టేడియంలో జెండా ఎత్తి చూపించమన్నారు. పోయినవాళ్ళ కన్నతల్లులు కొన్నిచోట్ల అదే వేదిక మీద కూర్చున్నారు. సభ అయ్యాక హోటల్లో, రైల్లో, ఎక్కడికి పోయినా ఎవరో ఒకరు చేతిలో గ్లాసు పెట్టేవాళ్ళు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆదివాసులకు మద్యం అమ్మడం నేరం. 1953లో గానీ ఆ నిషేధం పోలేదు. చట్టం వద్దన్నదాన్ని గౌరవం పేరుతో జనం ఐరా గొంతులో పోశారు. తాగి సభలకు తూలుతూ వస్తున్నాడని పర్యటన మధ్యలోనే తిరిగి దళానికి పంపేశారు. అతనికి తిరిగి వెళ్ళాలనే ఉంది. తోటివాళ్ళు అక్కడున్నారు.

గ్లాసుతో చేసే ఈ మర్యాద మనకు కొత్త కాదు. మా వైపు పల్లెల్లో పదిహేనేళ్ళో పదిహేడేళ్ళో సర్వీసు చేసి, నలభై నిండకుండానే దిగి వచ్చినవాడికి ఊళ్ళో పేరు మారిపోతుంది. అమ్మానాన్నలు పెట్టింది పోయి మిలిట్రీ అన్న అవుతాడు. సియాచిన్ చలి ఎలా ఉంటుందని అడిగేవాళ్ళు తక్కువ. "ఎప్పుడొస్తివి అన్నా? క్యాంటీన్‌ది ఏమన్నా తెచ్చినావా?" అన్నదే మొదటి మాట. కోటా సీసా ఉన్నంతకాలం అరుగు మీద మనుషులుంటారు. మంచు కొండల మీద చలికి రమ్ము అలవాటైనవాడికి, ఇక్కడ ఎండల్లో అదే సీసా మనుషుల్ని దగ్గరకు తెచ్చే సాధనమవుతుంది. సీసా అయిపోతుంది, మనుషులు లేచిపోతారు, అలవాటు మిగులుతుంది. అమరాపురం నుంచి ఎటు నడిచినా కర్ణాటక హద్దు దగ్గరే. కొన్నేళ్ళ కిందట ఆంధ్రలో మద్యం ధరలు పెరిగినప్పుడు, అక్కడి టెట్రా ప్యాకెట్లు ఇటు రావడానికీ, ఇక్కడి తాగుడు అటు పోవడానికీ రోడ్డు కూడా అక్కర్లేకపోయింది. పొలాల గట్లు సరిపోయాయి.

యుద్ధం అయ్యాక ఐరా సకటోన్‌కు వచ్చి పత్తి ఏరాడు. దేశం తరఫున జెండా ఎత్తినవాడికి అరిజోనాలో 1948 దాకా ఓటు లేదు. కార్లలో వచ్చినవాళ్ళు పొలం గట్టున ఆపి, జెండా ఎత్తిన ఇండియన్ నువ్వేనా, ఒక ఫోటో దిగవా అని అడిగేవాళ్ళు. ఉత్తరాలు వందల్లో వచ్చేవి. వాటన్నిటి మధ్య అతన్ని తొలిచింది వేరే సంగతి.

ఫోటోలో కర్ర మొదట్లో, నేలకు వంగి, వీపు మాత్రమే కనిపించేవాడు ఎవరు? ప్రభుత్వం హ్యాంక్ హాన్సెన్ అని ప్రకటించింది. కాదు, హార్లన్ బ్లాక్ అని ఐరాకు తెలుసు. అక్కడ పక్కనే ఉన్నాడు. వాషింగ్టన్‌లో ఒక అధికారికి చెప్పాడు. పేర్లు పత్రికల్లో వచ్చేశాయి, ఇద్దరూ చనిపోయారు, ఇక నోరు మూసుకోమన్నాడు ఆయన. సైనికుడు గనక నోరు మూసుకున్నాడు. హార్లన్ తల్లి మాత్రం పత్రికలో ఆ ఫోటో మొదటిసారి చూసినరోజే, ఆ వంగినవాడు నా కొడుకేనంది. ఇంట్లోవాళ్ళు ఆమె దుఃఖం అలా పలికిస్తోందనుకున్నారు. ఆమె కొడుకు వీపును గుర్తుపట్టింది.

1946లో ఐరా ఎవరికీ చెప్పకుండా బయల్దేరాడు. కొంత నడక, కొంత దారినపోయే లారీలను ఆపి ఎక్కడం. అరిజోనా నుంచి టెక్సాస్ దక్షిణ కొసన మెక్సికో హద్దు దగ్గరున్న వెస్లకో దాకా, దాదాపు రెండు వేల కిలోమీటర్లు. అమరాపురం నుంచి ఢిల్లీ అంత దూరం అనుకోవాలి. అక్కడ పొలంలో పని చేసుకుంటున్న ఎడ్ బ్లాక్ దగ్గరికి వెళ్ళి, ఆ ఫోటోలో ఉన్నది మీ అబ్బాయేనని చెప్పాడు. తండ్రితో కాసేపు మాట్లాడి, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయాడు. పేరు కోసం రాలేదు, డబ్బు అడగలేదు. ఆ తర్వాత బ్లాక్ కుటుంబం పైకి రాసింది, విచారణ జరిగింది, 1947 జనవరిలో మెరైన్ దళం తప్పు సరిదిద్దింది.

ఐరా జీవితంలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఈ ప్రయాణం. కొండ మీద కర్ర ఎత్తడం పైనుంచి వచ్చిన ఆజ్ఞ. వెస్లకోకు వెళ్ళమని ఎవరూ చెప్పలేదు, పైగా వద్దన్నారు. వందల మైళ్ళు నడవగల మనిషి, చేతిలో పని ఉంటే, చెప్పాల్సిన మాట ఒకటి మిగిలి ఉంటే, తాగుడుకు లొంగిపోయేవాడు కాదేమో అనిపిస్తుంది. ఆ పని అయిపోయింది. తర్వాత అంత బరువైన పని అతనికెవరూ ఇవ్వలేదు. 1949లో వచ్చిన ఐవో జిమా సినిమాలో తన పాత్ర తనచేతే వేయించారు, అంతే.

మిగతాది త్వరగా చెప్పుకోవచ్చు, అక్కడ జరిగింది ఒకటే మళ్ళీ మళ్ళీ గనక. తాగి రోడ్డు మీద పడటం, పోలీసులు పట్టుకుపోవడం, జైలు. ఇలా యాభైసార్లకు పైగా. 1953లో ఆదివాసులను నగరాలకు తరలించే ప్రభుత్వ పథకం కింద చికాగోకు వెళ్ళి ట్రాక్టర్ల కంపెనీలో చేరాడు. కొన్నాళ్ళు బాగున్నాడు. మళ్ళీ కాళ్ళకు బూట్లు కూడా లేకుండా మురికివాడలో దొరికాడు. ఓ పత్రిక చందాలు పోగుచేసి చికిత్సకు పంపింది, లాస్ ఏంజలస్‌లో ఒక సినిమావాళ్ళింట్లో డ్రైవర్ పని ఇప్పించారు. అదీ నిలవలేదు. విమానం దిగి అరిజోనాలో అడుగుపెడుతూ, తన కన్నా మంచివాళ్ళు ఆ దీవిలోనే ఉండిపోయారన్న ఆలోచన తనను వదలడం లేదన్న అర్థం వచ్చే మాట ఒకటి అన్నాడు. ఎవరైనా పట్టుకోవాల్సిన కొస అదే. పట్టుకోవడం అప్పటి వైద్యానికి తెలియదు. యుద్ధం ముగిశాక మనసులో మిగిలే ఈ గాయానికి అమెరికా వైద్యులు తమ అధికారిక గ్రంథంలో పేరు పెట్టింది 1980లో, ఐరా పోయిన పాతికేళ్ళకు.

ఇప్పుడు తెలుసు. తెలిసినా మన ఊళ్ళలో జరిగేది ఏమిటంటే, భార్య దేవుడి ముందు ఒట్టు వేయిస్తుంది. అత్తింటివాళ్ళు అయ్యప్ప మాల వేయిస్తారు. నలభై ఒక్క రోజులు నిజంగానే మానేస్తాడు, ఇరుముడి దించి వచ్చిన వారానికి మళ్ళీ మొదలు. లేదా ఎవరో చెప్పిన పొడి తెచ్చి తెలియకుండా కూరలో కలుపుతారు. వీటిలో ఏదైనా ప్రాణం మీదికి తేగలదు. ఏళ్ళ తరబడి రోజూ తాగినవాడు ఉన్నట్టుండి ఆపితే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, మూర్ఛలు, లేనివి కనిపించడం, ఒక్కోసారి చావు. అందుకే మొదటి వారం డాక్టరు కళ్ళ ముందు గడవాలి. విటమిన్ సూదులు, నిద్రకు మందులు ఉండాలి. ఒంట్లోంచి మద్యం దిగిపోవడం సులువైన భాగం. ఆ తర్వాత వచ్చే ఖాళీ సాయంత్రాలను నింపడం కష్టం. పొద్దున ఐదింటికి విజిల్ వినపడని జీవితంలో, పక్కన పడుకున్న నలభై మంది లేని గదిలో, పెళ్ళయినా పదిహేనేళ్ళలో పట్టుమని రెండేళ్ళు కలిసి ఉండని భార్యతో, తన పేరు సరిగా అలవాటు కాని పిల్లలతో, అతను మనిషిగా మళ్ళీ కుదురుకోవాలి. మనం అతనికి చూపించేది ఏటీఎం ముందు కుర్చీ. పిస్తోలు, వైర్‌లెస్, బండ్ల మరమ్మతు, మంచులో ప్రాణాలు కాపాడటం తెలిసినవాడు తలుపు తీసి సెల్యూట్ కొడతాడు.

సాయం అసలు లేదని కాదు. అమరాపురం నుంచి బస్సెక్కితే ఒక పూటలో చేరే బెంగళూరులో నిమ్హాన్స్ మానసిక ఆసుపత్రి ఉంది. తాగుడుకు అక్కడ ప్రత్యేక విభాగమే ఉంది. 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడే మానసిక సాయపు సేవ టెలీ మానస్ 2022 అక్టోబర్ నుంచి పనిచేస్తోంది. 2023 డిసెంబర్లో సైన్యం కోసం విడిగా ఒక కేంద్రం కూడా తెరిచారు. మాజీ సైనికులకు ఈసీహెచ్ఎస్ వైద్యం 2003 నుంచి ఉంది. ఉన్నవాటికీ అరుగు మీద కూర్చున్న మనిషికీ మధ్య దూరమే పెద్దది. ఆ నంబరు తిప్పాలంటే ముందు, నాకు చేతకావడం లేదని ఒకరి ముందు ఒప్పుకోవాలి. మీసం మెలితిప్పి రైలు దిగినవాడికి ఊరు ఆ అవకాశం ఇవ్వదు. జెండా ఎత్తిన ఐరాకు అతని దేశమూ ఇవ్వలేదు.

1955 జనవరి 23 రాత్రి తోటివాళ్ళతో చేరి పేకాట ఆడాడు, తాగాడు. ఏదో గొడవైంది. తెల్లారి 24న గుడిసె బయట గడ్డకట్టి ఉన్నాడు. చలి, మద్యం కారణమని రాశారు. ఫిబ్రవరి 2న ఆర్లింగ్టన్‌లోనే, తన కంచు విగ్రహానికి కొద్ది దూరంలో, సైనిక లాంఛనాలతో పూడ్చారు. ఆరు దశాబ్దాల తర్వాత, పాత ఫోటోలను మళ్ళీ పరిశీలించిన మెరైన్ దళం 2016లో ఒకసారి, 2019లో మరోసారి పేర్లు మార్చింది. 1945లో దేశమంతా ఊరేగించిన ముగ్గురిలో జాన్ బ్రాడ్లీ ఆ ఫోటోలో లేడు, రెనే గాగ్నన్ కూడా లేడు. నిజంగా ఉన్నది, నేను వీరుణ్ణి కాదంటూ వచ్చిన ఐరా ఒక్కడే. పిమాలకు గీలా నీళ్ళలో వాటా ఇస్తూ అమెరికా చట్టం చేసింది 2004లో.

2025 మే నెలలో మన జిల్లా కూడా ఏడ్చింది. గోరంట్ల మండలం కల్లి తండా పిల్లాడు, అగ్నివీర్ మురళీ నాయక్, సరిహద్దులో పాకిస్తాన్ కాల్పులకు బలయ్యాడు. తండాకు మంత్రులు వచ్చారు, దారి పొడవునా జనం పూలు చల్లారు. ఆ ఏడుపు నిజమైంది, ఆ పూలు అతనికి చెందాల్సినవే. చనిపోయినవాడికి ఏం చేయాలో ఈ సీమకు నొళంబుల కాలం నుంచీ తెలుసు. నన్ను కలవరపెట్టేది అతనితో పాటు చేరి ప్రాణాలతో తిరిగొచ్చే పిల్లలు. అగ్నిపథ్ పథకం 2022 జూన్‌లో వచ్చింది. నాలుగేళ్ళ సర్వీసు, నూటికి పాతిక మందిని ఉంచుకుంటారు, మిగతావాళ్ళను సుమారు 11 లక్షల 70 వేల రూపాయలతో ఇంటికి పంపుతారు. మొదటి జట్టుకు నాలుగేళ్ళు నిండేది 2026 చివర్లో, 2027 మొదట్లో. అప్పటికి వాళ్ళలో చాలామందికి పాతికేళ్ళు కూడా ఉండవు. వాళ్ళు హిందూపురంలో రైలు దిగి మడకశిర, అమరాపురం బస్సులెక్కుతారు. పెన్షన్ ఉండదు, ఈసీహెచ్ఎస్ కార్డు ఉండదు, సైనిక సంక్షేమ కార్యాలయం లెక్కల్లో మాజీ సైనికుడన్న హోదా కూడా ఉండదు. ఊరికి వచ్చిన రోజు అరుగు మీద ఎవరో ఒకరు, "ఎప్పుడొస్తివి తమ్ముడూ, పార్టీ ఎప్పుడు?" అని అడుగుతారు. చేతిలో పదకొండు లక్షలున్నాయి.